ఒక తండా, మూడు జాబితాలు

లక్సెట్టిపేటలో ఇంటర్ చదివేటప్పుడు నా బెంచీ మీద కూర్చునే దోస్తు ఒకడు జన్నారం వైపు తండా నుంచి వచ్చేవాడు. లంబాడా. వాళ్ల పెద్దక్కను కిన్వట్ దగ్గరి తండాకి ఇచ్చారు. లంబాడాలకు అది దూరపు సంబంధమేం కాదు. ఆదిలాబాద్ దాటితే మహారాష్ట్ర, అక్కడా అదే గోర్ బోలి, అదే తీజ్ పండుగ. మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు బస్టాండు దగ్గర కలిశాడు. మాటల్లో మేనకోడలు సంగతి వచ్చింది. ఆ పిల్ల నీట్ రాస్తోంది.

"నేను ఎస్టీ, మా అక్క ఎస్టీ. అక్క బిడ్డ ఎస్టీ కాదంట. గిదేం లెక్కరా?" అన్నాడు.

"రూల్ అంతేరా" అన్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లం, రూల్ అనే మాటతో ఏ ప్రశ్ననైనా మూసేస్తాం. హైదరాబాద్ వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. రాజ్యాంగంలో 342వ అధికరణం తీసి చదవడం మొదలుపెట్టాను. అక్కడి నుంచి తీర్పులు, పాత జిల్లా పటాలు, హైమన్‌డార్ఫ్ పుస్తకం. లాయర్ని కాను, చరిత్ర డిగ్రీ లేదు. చదివింది చదివినట్టు చెప్తాను.

ముందు పటం సంగతి. 1956 నవంబర్ 1కి ముందు లక్సెట్టిపేట, కిన్వట్ రెండూ ఒకే జిల్లాలో ఉన్న తాలూకాలు. హైదరాబాద్ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లా. అప్పటికి మంచిర్యాల ఇంకా లక్సెట్టిపేట తాలూకాలో ఒక ఊరు. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మరాఠీ మాట్లాడేవాళ్లు ఎక్కువని కిన్వట్‌ని, రాజురాని ఆదిలాబాద్ నుంచి తీసి అప్పటి బొంబాయి రాష్ట్రంలోని నాందేడ్‌లో కలిపారు. రాజురా తర్వాత 1959లో చాందా జిల్లాకి పోయింది. ఇప్పుడది చంద్రపూర్. హైదరాబాద్ రాష్ట్రం మొత్తం అలాగే మూడు ముక్కలైంది: తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కి, మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకి.

తెలుగువాళ్లకి, మరాఠీవాళ్లకి, కన్నడిగులకి తలా ఒక రాష్ట్రం దొరికింది. గోండి మాట్లాడేవాళ్లని, గోర్ బోలి మాట్లాడేవాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గీత వాళ్ల ఇళ్ల మధ్య నుంచి పోయింది.

దాని ఫలితం ఇప్పుడు ఇలా ఉంది. తెలంగాణలో లంబాడా షెడ్యూల్డ్ తెగ. మహారాష్ట్రలో అదే బంజారా విముక్త జాతి, 'అ' వర్గం, 3 శాతం రిజర్వేషన్. కేంద్రం లెక్కలో ఓబీసీ. కర్ణాటకలో అదే లంబాణి షెడ్యూల్డ్ కులం. నిజాం కాలంలో ఒకే సర్కారు కింద బండ్లు కట్టుకుని తిరిగిన జనం. గుల్బర్గా తండాలో పుడితే ఎస్సీ, నాందేడ్ తండాలో పుడితే వీజే, ఆదిలాబాద్ తండాలో పుడితే ఎస్టీ. ముగ్గురూ ఒకే ఇంటి అన్నదమ్ముల పిల్లలు కావచ్చు. తెగ లక్షణాలు మనిషిలో ఉంటాయా, మైలురాయిలో ఉంటాయా అని నా దోస్తు అడగలేదు కానీ, వాడు అడిగిందాని అర్థం అదే.

342వ అధికరణం చిన్నది, రెండే ఖండికలు. రాష్ట్రపతి గవర్నర్‌ని సంప్రదించి, ఏయే తెగలు, తెగల్లో ఏయే భాగాలు 'ఆ రాష్ట్రానికి సంబంధించి' షెడ్యూల్డ్ తెగలో ప్రకటిస్తారు. ఆ తర్వాత అందులో ఒక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటే చట్టం చేయాలి. ఎస్సీలకు 341 కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ రెండూ రాజ్యాంగ ముసాయిదాలో చివర్లో వచ్చి చేరాయి. 1949 సెప్టెంబర్ 17న అంబేద్కర్ వీటిని 300ఎ, 300బి అనే అంకెలతో సభలో ప్రవేశపెట్టారు. పొడుగాటి కులాల జాబితాలతో రాజ్యాంగాన్ని నింపకుండా ఉండటానికి ఒక కారణం. ఒకసారి ప్రకటించాక రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు రాజకీయ అవసరం కొద్దీ దాన్ని తిప్పేయకుండా ఉండటానికి ఇంకొకటి. రెండోది చాలా ముందుచూపు. ఇవాళ ఏ రాష్ట్రంలో ఎన్నికలొచ్చినా ఏదో ఒక కులాన్ని ఎస్టీల్లో చేరుస్తామని హామీ ఇస్తారు కదా, ఆ హామీ నేరుగా అమలు కాకుండా ఆపుతున్నది ఆ రెండో ఖండికే.

కానీ 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్న రెండు మాటల బరువు ఎంతో ఆ రోజు సభలో పెద్దగా తేల్చలేదు. మా భాషలో చెప్పాలంటే, ఆ టేబుల్‌కి ప్రైమరీ కీ తెగ పేరు కాదు. తెగ, రాష్ట్రం రెండూ కలిస్తేనే కీ. లంబాడా అని మాత్రమే అడిగితే ఏ వరుసా దొరకదు. లంబాడా కామా తెలంగాణ అని అడగాలి. మనిషి కదిలితే రెండో గడి మారిపోతుంది, వరుస ఖాళీగా వస్తుంది.

ఈ ప్రశ్నని సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయింది మన తెలుగు కుర్రాడే. మర్రి చంద్రశేఖరరావు, పుట్టింది తెనాలి. వాళ్లది గౌడు తెగ (కల్లుగీత గౌడలతో కలిపి చూడకండి, ఇది ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో ఉన్న పేరు). తండ్రికి తెనాలి తహసీల్దారు ఇచ్చిన ఎస్టీ సర్టిఫికెట్ మీద కేంద్రప్రభుత్వ ఎరువుల సంస్థలో ఎస్టీ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం బొంబాయిలో. కొడుకు తొమ్మిదేళ్ల వయసులో తండ్రి వెంట వెళ్లి, అక్కడే బడి, అక్కడే పన్నెండో తరగతి. 1989లో మెడికల్ సీటుకి ఎస్టీ కోటాలో దరఖాస్తు పెడితే, మహారాష్ట్రకి సంబంధించి మీరు ఎస్టీ కాదన్నారు. తండ్రిని ఏ సర్టిఫికెట్ బొంబాయి పంపిందో, ఆ సర్టిఫికెట్టే కొడుక్కి బొంబాయిలో పనికిరాలేదు.

అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం విచారించింది, ప్రధాన న్యాయమూర్తి సవ్యసాచి ముఖర్జీ. 1990 మే 2న తీర్పు. కుర్రాడి వాదన రెండు ముక్కల్లో ఇది. దేశమంతా తిరిగే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు 19వ అధికరణం పౌరుడికి ఇచ్చింది. రాష్ట్రం దాటితే ఎస్టీ రక్షణ పోతుందంటే, ఎస్టీ పౌరుడు ఆ హక్కుని వాడుకోవాలంటే ఇంకొక హక్కుని గేటు దగ్గర వదిలేసి పోవాలి. మిగతా పౌరులకు ఆ ఖర్చు లేదు. పైగా 342లోనే 'ఈ రాజ్యాంగ ప్రయోజనాల కోసం' అని కూడా ఉంది. రాజ్యాంగం దేశమంతటికీ ఒక్కటే కదా.

కోర్టు ఒప్పుకోలేదు. వెనకబాటు అనేది గాల్లో ఉండదు, ఒక నేల మీద, ఆ చుట్టుపక్కల మనుషుల మధ్య ఉంటుంది అన్నది కోర్టు తర్కం. ఒక రాష్ట్రంలో అణగారిన తెగ ఇంకో రాష్ట్రంలో అలా ఉండకపోవచ్చు. వచ్చినవాళ్లందరికీ తలుపు తీస్తే, ఆ రాష్ట్రంలోని అసలు గిరిజనుల వాటా పోతుంది. కాబట్టి 'రాజ్యాంగ ప్రయోజనాల కోసం' అన్నదాన్ని 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్నదానితో కలిపే చదవాలి. చివర్లో మాత్రం, ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారేవాళ్ల పిల్లల సంగతి పార్లమెంటు చట్టం ద్వారా ఆలోచించాల్సిన విషయమని ఒక సూచన చేసింది. ముప్పై అయిదేళ్లు దాటింది. ఆ చట్టం రాలేదు. 2018లో బీర్ సింగ్ కేసులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం ఇదే సూత్రాన్ని గట్టిపరిచింది: ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ ఇంకో రాష్ట్రంలో ఆ కోటా అడగరాదు, కేంద్ర ఉద్యోగాలకు మాత్రం దేశమంతా చెల్లుతుంది.

తీర్పు మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. రెండోసారి చదివేలోపు మా జిల్లా చరిత్ర కొంచెం చదివాను. కోపం పోలేదు కానీ, అంత తేలికగా నిలబడలేదు.

ఎందుకంటే ఆ 'అసలు గిరిజనుల వాటా' అనే మాట మా దగ్గర పుస్తకాల్లో ఉండే మాట కాదు. 1956 తర్వాతి జాబితాలో ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు, లంబాడీలు ఎస్టీలు. తెలంగాణ జిల్లాల లంబాడాలు కారు. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే ముఖ్యమంత్రి కింద, కర్నూలు సుగాలీకి ఒక న్యాయం, ఆదిలాబాద్ లంబాడాకి ఇంకో న్యాయం. ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. ఎమర్జెన్సీలో పార్లమెంటు 1976 నాటి 108వ నంబరు చట్టంతో ఈ ప్రాంతపు గీతల్ని చాలావరకు చెరిపేసింది. అది 1977 జూలై 27న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి తెలంగాణ లంబాడాలు ఎస్టీలు. నా దోస్తు వాళ్ల నాయన అప్పటికి బడికి పోయే పిల్లవాడు. ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం ఆయనదే. ఆ చట్టం లేకపోతే నా బెంచీ మీద వాడు కూర్చునేవాడు కాదని వాడే చెప్తాడు.

ఇక గోండుల వైపు నుంచి చూడండి. ఏజెన్సీలో భూమి గిరిజనుల చేతి నుంచి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. 1963లో తెలంగాణకి విస్తరించారు. 1970లో దాన్నే బిగించారు, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనలేడు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. ఉట్నూరు, ఆసిఫాబాద్, బోథ్, లక్సెట్టిపేట తాలూకాల్లోని షెడ్యూల్డ్ ఊళ్లన్నిటికీ అది కంచె. 1977 జూలై 26 దాకా లంబాడా ఆ కంచెకి బయటివాడు. మర్నాడు లోపలివాడు. చట్టం ఒక్క అక్షరం మారలేదు; కంచె ఉన్నచోటే ఉంది, ఒక జనం రాత్రికి రాత్రి లోపలికి వచ్చేశారు. ఆ పక్క మహారాష్ట్రలో తమవాళ్లకి ఎస్టీ లేదు, ఇక్కడ ఉంది అని తెలిశాక వలసలు ఆగుతాయా?

హైమన్‌డార్ఫ్ 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల మధ్య పనిచేసిన మనిషి. కుమ్రం భీం చనిపోయాక నిజాం సర్కారు అసలేం జరిగిందో తెలుసుకోవడానికి ఆయన్ని వాడుకుంది. నాలుగు దశాబ్దాల తర్వాత తిరిగొచ్చి 1982లో అచ్చువేసిన పుస్తకంలో బంజారాలని ఈ జాబితాలో చేర్చడం గోండుల నడ్డి విరిచిందని ఆయన రాశాడు. ఆయన గోండుల పక్షపాతి, దాన్ని దాచుకోలేదు కూడా. లంబాడాల పేదరికం ఆయన కంటికి అంతగా ఆనలేదని నాకనిపిస్తుంది. నిజాం రోడ్లు, రైళ్లు వచ్చాక ఎద్దుల మీద సరుకు మోసే వాళ్ల వృత్తే పోయింది, అడవి అంచుల్లో సాగు తప్ప దారి లేని జనం వాళ్లు. కానీ భూమి సంగతిలో ఆయన చూసింది నిజమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది. ఆ సభ వెనక పట్టాల గొడవ, షావుకార్ల గొడవ, అటవీశాఖ గొడవ అన్నీ ఉన్నాయి. నాలుగేళ్ల కిందట మారిన జాబితా కూడా ఉంది.

2017 డిసెంబర్‌లో ఉట్నూరు చుట్టుపక్కల ఆదివాసీలకి, లంబాడాలకి మధ్య ఘర్షణలై, ఇంటర్నెట్ ఆపేసేదాకా పోయింది. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. స్కూల్ వాట్సాప్ గ్రూపులో గోండు దోస్తులూ ఉన్నారు, లంబాడా దోస్తులూ ఉన్నారు. రెండు రోజులు ఎవరూ గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు. తెలంగాణలో 2011 లెక్కల ప్రకారం 31 లక్షలకు పైగా ఉన్న గిరిజనుల్లో సగం కంటే ఎక్కువ లంబాడాలే. ఆదివాసీల భయానికి ఈ అంకె ఒక్కటి చాలు. లంబాడాల తరఫు జవాబూ ఉంది: మేం ఇక్కడ తరతరాలుగా ఉన్నాం, పార్లమెంటు చట్టంతో వచ్చిన హక్కు ఇది, ఎవరి దయా కాదు. కోర్టు తర్కాన్ని పట్టుకుంటే ఇద్దరూ గెలుస్తారు. అందుకే అది ఎవరికీ తృప్తినివ్వదు.

జాబితా గీతకి ఇంకో చివర గుత్తికోయలున్నారు. 2005లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకి ఊళ్లు కాలి, గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వేల కుటుంబాలు వచ్చాయి. అక్కడ వాళ్లు మురియా గోండులు, అంటే ఛత్తీస్‌గఢ్‌కి సంబంధించి ఎస్టీలు. ఇక్కడికొచ్చాక ఏమీ కారు. (మన కోయల జాబితాలో ఉపశాఖగా 'గుట్ట కోయ' ఉంది. గుత్తి, గుట్ట. ఒక్క ఒత్తక్షరం దూరం.) 2006 అటవీహక్కుల చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక వాక్యం ఉంటుంది: అటవీ గిరిజనులకు ఈ హక్కులు తమని షెడ్యూల్డ్ తెగగా ప్రకటించిన రాష్ట్రాల్లో, ప్రాంతాల్లో గుర్తిస్తారని. దానికితోడు 2005 డిసెంబర్ 13కి ముందు ఆ భూమి మీద ఉండాలి. ఈ రెంటితో గుత్తికోయ దరఖాస్తు ఆఫీసు గుమ్మం దాటదు. చంద్రశేఖరరావు నష్టపోయింది ఒక మెడికల్ సీటు. వీళ్లకి ఇల్లు వేసుకునే చోటే లేదు. గుడిసెలు పీకేస్తారు, కొంచెం లోపలికి పోయి మళ్లీ వేసుకుంటారు. వలస వచ్చేవాడు స్థానిక గిరిజనుడి వాటా తింటాడన్న తర్కం, తుపాకుల మధ్య నుంచి పారిపోయి వచ్చినవాడి విషయంలో నాకు మింగుడు పడదు. తొంభైలో ఆ ధర్మాసనం ముందు ఇలాంటివాళ్లు లేరు. ఉద్యోగరీత్యా వచ్చిన ఆఫీసరు కొడుకు ఉన్నాడు. కేసు ఎవరి పేరు మీద వస్తుందో చట్టం ఆ ఆకారంలో గట్టిపడిపోతుంది.

ఇక్కడ ముల్కీ సంగతి కొంచెం చెప్పాలి, తెలంగాణవాడు ఇలాంటి విషయం రాస్తూ ముల్కీ ఎత్తకపోతే బాగుండదు. 16వ అధికరణం పుట్టిన చోటుని బట్టి, నివాసాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష కూడదంటుంది. దాని మూడో ఖండిక, నివాస నిబంధన పెట్టే అధికారం పార్లమెంటుకి మాత్రం ఇస్తుంది. ఆ అధికారంతో 1957లో చేసిన చట్టం కింద తెలంగాణ ఉద్యోగాలకు 15 ఏళ్ల నివాసం అడిగారు. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది: రాజ్యాంగం రాష్ట్రంలో నివాసం అంది, రాష్ట్రంలో ఒక ముక్కలో నివాసం అనలేదు అని. అప్పటికే మండుతున్న తెలంగాణ ఇంకా మండింది. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు నిజాం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఈసారి ఆంధ్రలో మంట. ఆరుసూత్రాలు, 32వ సవరణ, 371-డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వరుసగా వచ్చాయి. ఈ కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను.

నన్ను ఆపింది ఇంకో విషయం. పాత ముల్కీ నిబంధనల్లో బయటివాడు ముల్కీ కావడానికి దారి ఉంది: పదిహేనేళ్లు ఇక్కడే ఉండి, సొంతూరికి తిరిగిపోయే ఆలోచన వదులుకున్నానని అఫిడవిట్ ఇస్తే చాలు. నిజాం రాజ్యంలో పరాయివాడికి ఆ దారి ఉండేది. 371-డి ఉత్తర్వులో కూడా నాలుగేళ్ల చదువుతో స్థానికుడు అవుతారు. మా లక్సెట్టిపేట ఇప్పుడు కాళేశ్వరం జోన్‌లో ఉంది, గోదావరి అవతలి ధర్మపురి బాసర జోన్‌లో. వంతెన దాటితే జోన్ మారుతుంది, అయినా ధర్మపురి పిల్ల ఇక్కడ చదువుకుంటే ఇక్కడి స్థానికురాలు కావచ్చు. ఎస్టీ విషయంలో అలాంటి దారి ఒక్కటీ లేదు. పదిహేనేళ్లు కాదు, మూడు తరాలు ఉన్నా లేదు. జాబితా ప్రకటించిన నాటికి నీ పెద్దలు ఎక్కడున్నారన్నదే ప్రశ్న. మామూలు పౌరుడికి ఊరు మారితే ఊరు వస్తుంది. ఆదివాసీ, దళితుడు మాత్రం తాత ఊరినే మోసుకు తిరగాలి.

అన్ని రక్షణలూ ఇలా గీత దగ్గర ఆగిపోతాయా అంటే, ఆగవు. 2023 చివర్లో బొంబాయి హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక మంచి తీర్పు ఇచ్చింది. అట్రాసిటీ చట్టం కింద బాధితుడి కులం ఆ రాష్ట్ర జాబితాలో లేకపోయినా, సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయితే చాలు, రక్షణ అతని వెంట వస్తుంది అని. తిట్టినవాడు జాబితా చూసి తిట్టడు కదా. 2021లో పంకజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో చిన్న కిటికీ తెరిచింది: బిహార్ నుంచి జార్ఖండ్ విడిపోయినప్పుడు అక్కడి ఉద్యోగి ఏదో ఒక రాష్ట్రంలో రిజర్వేషన్ అడగొచ్చు, రెండుచోట్లా కాదు. రాష్ట్రం మనిషిని వదిలిపోయిందే తప్ప మనిషి రాష్ట్రాన్ని వదిలి పోలేదన్న ఇంగితం అందులో ఉంది. 2014లో భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాలు పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కి పోయినప్పుడు అక్కడి కోయలూ ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. వాళ్ల తెగ రెండు జాబితాల్లోనూ ఉంది కాబట్టి సరిపోయింది. 1956లో కిన్వట్ లంబాడాలు కూడా ఇల్లు కదలలేదు. కాకపోతే ఆనాటికి వాళ్లు ఏ జాబితాలోనూ లేరు, కాబట్టి కోల్పోయామని చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత గీతకి ఇవతల ఉన్నవాళ్లకి దొరికింది, అవతల ఉన్నవాళ్లకి దొరకలేదు. అంతే.

2025 సెప్టెంబర్‌లో ఈ పాత కథకి కొత్త మలుపు వచ్చింది. మరాఠాలకు కున్బీ సర్టిఫికెట్ల కోసం మహారాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ గెజిట్‌ని ఒప్పుకుంది. వెంటనే బీడ్, జాల్నా జిల్లాల బంజారాలు రోడ్డెక్కారు. అదే నిజాం గెజిట్‌లో మమ్మల్ని తెగ అన్నారు, అవతల తెలంగాణలో మావాళ్లు ఎస్టీలు, మేమెందుకు కాము అని. అక్కడి ఆదివాసీలు వెంటనే అడ్డం తిరిగారు. ఉట్నూరులో విన్న మాటలే, మరాఠీలో. నిజాం పోయి డెబ్బై ఏడేళ్లయింది. ఆయన గుమాస్తాలు రాసిన కాగితాల కోసం రెండు రాష్ట్రాల్లో జనం ఇంకా వెతుకుతున్నారు.

గీత మీదే ఉన్న ఊళ్ల గురించి చెప్పి ఆపుతాను. మా దగ్గర కెరమెరి మండలానికి, చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకి మధ్య గుట్టల్లో పద్నాలుగు ఊళ్లున్నాయి. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ లాంటివి. పాత రాజురా తాలూకా సరిహద్దు గొడవ అది, ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ మావేనంటాయి. రెండు బడులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. అసెంబ్లీ ఎన్నికల్లో అటూ ఇటూ ఓటేసిన వేళ్ల ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. మనకది వింతవార్త. కానీ అక్కడ బంజారాలూ ఉన్నారు. తెలంగాణ కాగితం మీద ఆ మనిషి ఎస్టీ, మహారాష్ట్ర కాగితం మీద అదే మనిషి, అదే ఇంట్లో, అదే మంచం మీద కూర్చుని, వీజే.

ఈ సంగతి నా దోస్తుకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు నవ్వాడు. తర్వాత, "అక్కని గా ఊళ్లకి ఇచ్చినా బాగుండురా" అన్నాడు. నీట్ ఫారంలో కేటగిరీ గడి దగ్గర మేనకోడలు ఓబీసీ నొక్కిందట, తండ్రి కాగితం ప్రకారం. రాష్ట్రం కోటాకి వేరే ఫారం ఉంటుంది, దానికి నాందేడ్ వెళ్లి వీజే సర్టిఫికెట్ వాలిడిటీ తెచ్చుకోవాలి. "అమ్మ కులం సర్టిఫికెట్ జత చేయాల్నా మామా?" అని అడిగిందట. లక్సెట్టిపేట తహసీల్ ఆఫీసులో తీసుకున్నది వాళ్ల ఇంట్లో ఇంకా ఉంది, లామినేషన్ చేయించి.